మూడుసార్లు ఊడిన సిమెంటు: లోపం మందులోనా, పన్నులోనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. మాది కనిగిరి దగ్గర పల్లె. పెళ్ళయినప్పటి నుంచీ బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. పైవరసలో కోరపన్నూ, దాని వెనక పన్నూ చిగురు దగ్గర గుంటలా అరిగాయి. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది, మింగేసరికి తగ్గిపోతుంది. అక్కడ తెల్ల సిమెంటు పెట్టించుకుంటే ఏడాదిన్నరలో మూడుసార్లు ఊడింది. మొదటిది ఎనిమిది నెలలు ఉంది. రెండోది తమ్ముడి పెళ్ళికి ముందు పెట్టించుకున్నాను. అదే వారంలో పళ్ళు తెల్లబడడానికి బ్లీచింగ్ కూడా చేయించుకున్నాను. అది నెలన్నరకే పోయింది. మూడోసారి పెట్టేటప్పుడు చిగురు నుంచి రక్తం వస్తుంటే దూది ఒత్తి ఒత్తి పెట్టారు. మొన్న ఉగాది రోజు మామిడికాయ ముక్క కొరకగానే అది చేతిలోకి వచ్చేసింది. ఆ ముక్కని కవరులో దాచాను. మా అమ్మకి ముప్పై ఏళ్ళ కిందట ఒంగోలులో పెట్టిన వెండి సిమెంటు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. ఇప్పటి మందుల్లో కల్తీ ఉందా? డాక్టర్ నాసిరకం వాడారా? ఒకరు ఖరీదైన జపాన్ మందు వాడదాం అంటున్నారు. ఇంకొకరు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, ముందు చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. సిమెంటు నిలవడం లేదన్న ఒక్క కారణంతో రూట్ కెనాల్ చేయించుకోకండి. చల్లటిది తగిలితే జివ్వుమని, మింగేసరికి తగ్గిపోతోందని మీరే రాశారు. అంత తొందరగా తగ్గిపోతే లోపల నరం బాగానే ఉందని అర్థం. నొప్పి నిమిషాల తరబడి ఉండిపోయినా, అర్ధరాత్రి నిద్రలేపినా అప్పుడు మాట వేరు. బతికున్న నరాన్ని తీసేసి, చుట్టూ ఉన్న మంచి పన్నుని అరగదీసి క్యాప్ తొడగడం ఈ చిన్న గుంటకి చాలా పెద్ద శిక్ష.

ఇక కల్తీ సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నోరు చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మూడుసార్లు ఊడడానికి మూడు వేర్వేరు కారణాలు ఆ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. వాటిలో ఏదీ మందు డబ్బా మీద రాసిన పేరుకి సంబంధించింది కాదు.

ముందు మీ అమ్మగారి వెండి సిమెంటు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పోలిక నేను రోజూ వింటాను. ఆ సిమెంటు మీ అమ్మగారి పంటికి అసలు అంటుకోనేలేదు! వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపి చేసే ముద్ద అది. దానికి పంటితో ఏ బంధమూ ఉండదు. దవడ పన్నులో గుంటని లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా తొలుస్తారు, మన ఇత్తడి బిందె కడుపులాగా. అందులో కూరిన ముద్ద గట్టిపడ్డాక ఆ మూతిలోంచి బయటికి రాలేదు, అంతే. ఏళ్ళు గడిచేకొద్దీ దాని అంచుల్లో తుప్పులాంటిది చేరి సందుల్ని కూడా మూసేస్తుంది. చుట్టూ నాలుగు గోడలున్న దవడ పన్నుకి ఆ పద్ధతి బాగా పనిచేసింది, కాదనను. మీ గుంట అలాంటిది కాదు, సాసరులా పల్చటిది. అక్కడ వెండి నిలవాలంటే ఆరోగ్యంగా ఉన్న పన్నుని తొలిచి బిందె చేయాలి. పైగా పాదరసం వాడకాన్ని తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి ఈ సిమెంటుని దాదాపుగా ఆపేసింది కూడా. కాబట్టి మీ అమ్మగారిది నిలబెట్టిన సిమెంటు, మీది అంటించాల్సిన సిమెంటు. రెంటికీ ఒకే కొలత పెట్టలేం.

అంటించడం అన్నాక, దేనిమీద అంటిస్తున్నామన్నదే పెద్ద విషయం. చెమట పట్టిన నుదుటి మీద ఎంత మంచి స్టిక్కర్ బొట్టయినా నిలుస్తుందా? పన్నులో రెండు పొరలున్నాయి. పైన ఎనామెల్, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాని కింద డెంటిన్. అందులో ఖనిజం 70 శాతం, మిగతాది కొల్లాజెన్ అనే మాంసకృత్తి, నీరు. ఈ రెండిటికీ అంటించే తీరు పూర్తిగా వేరు.

ఎనామెల్ కథ సులువు. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ అనే దంత వైద్య పరిశోధకుడు, ఇనుముకి రంగు పట్టాలని ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుడుస్తారు కదా, పంటికీ అదే చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. ఆమ్లం తగిలిన ఎనామెల్ మీద కంటికి కనపడని గుంటలు లేచాయి, అందులోకి రెసిన్, అంటే తెల్ల సిమెంటులో ఉండే ప్లాస్టిక్ లాంటి జిగురు, దిగి గట్టిపడి పట్టుకుంది. నున్నబడిన తిరగలికి కక్కు కొట్టించినట్టే ఇది. ఇవాళ మేం వాడేది సుమారు 37 శాతం ఆమ్లం, నీలం రంగు జెల్. పదిహేను ఇరవై సెకన్లు ఉంచి కడిగి గాలి కొడితే, అప్పటిదాకా మెరుస్తున్న ఎనామెల్ సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా, మొద్దుగా మారుతుంది. ఆ తెలుపు కనపడకపోతే పని ముందుకి సాగకూడదు.

మీ మొదటి ఊడడం ఇక్కడ మొదలైందని నా అనుమానం. మీది కనిగిరి ప్రాంతం. 1937లోనే మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళూ ఎముకలూ దెబ్బతింటున్నాయని వైద్యులు గుర్తించి రాశారు. అప్పటికి కనిగిరి ఆ జిల్లాలోదే. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి మొదట రాసింది అక్కడి మనుషుల గురించే. శాశ్వత పళ్ళ ఎనామెల్ తయారయ్యే చిన్నతనమంతా మీరు ఆ బోరు నీళ్ళే తాగి ఉంటారు. ఇప్పుడు ఎన్నేళ్ళు కావేరి నీళ్ళు తాగినా ఒకసారి తయారైన ఎనామెల్ మారదు. ఫ్లోరైడ్ ఎక్కువ పట్టిన ఎనామెల్‌కి పైపొర ఆమ్లానికి లొంగదు. మామూలు పంటికి చాలిన పదిహేను సెకన్లకి దాని మీద ఆ సుద్ద తెలుపు సరిగా రాదు. అలాంటి పళ్ళకి పైపొరని బర్ అనే తొలిచే పనిముట్టుతో కాస్త గరుకు చేసి, ఆమ్లం ఎక్కువసేపు ఉంచాలి. బెంగళూరులో పుట్టి పెరిగిన డాక్టర్‌కి మీ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటే అవి టీ మరకల్లా అనిపించి ఉండవచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళున్న కోలారు, పావగడ వైపు నుంచి వచ్చేవాళ్ళని చూసిన డాక్టర్ అయితే అడిగి ఉండేవారు. మీరే చెప్పండి: "మాది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు." ఈ ఒక్క మాట డాక్టర్ చేతిలో ఉన్న మందుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

గుంట లోపల డెంటిన్‌ది ఇంకో తీరు. ఒక్క చదరపు మిల్లీమీటరులో, అంటే ఆవగింజ ఆనేంత చోటులో, వేల కొద్దీ సన్నటి గొట్టాలుంటాయి. బయటివైపు సుమారు ఇరవై వేలు, నరం దగ్గరికి వెళ్ళేసరికి నలభై వేలు దాటుతాయి. వాటి నిండా ద్రవం ఉంటుంది. చల్లటి నీళ్ళకి మీకు జివ్వుమనేది ఆ ద్రవం కదలడం వల్లే. ఇలా లోపలి నుంచి ఎప్పుడూ తడి ఊరే చోట నీళ్ళంటే పడని రెసిన్‌ని అంటించాలి. ఆమ్లంతో ఖనిజం కరిగించాక కొల్లాజెన్ పోగులు మిగులుతాయి. మరీ ఆరబెడితే అవి ఎండిన స్పాంజిలా ముడుచుకుపోతాయి, రెసిన్ లోపలికి దిగదు. మరీ తడిగా వదిలేస్తే నీరే అడ్డుపడుతుంది. ఆ పోగుల మధ్య రెసిన్ దిగి రెండూ కలిసిన పొర ఏర్పడుతుందని 1982లో జపాన్‌లో నకబయాషి బృందం చూపించింది. అంటే ఈ పని అంతా ఆరీ ఆరని స్థితిని పట్టుకోవడంలో ఉంది. ఏళ్ళ తరబడి అరిగిన గుంటల్లో మరో చిక్కు: కొన్నిచోట్ల గొట్టాలు ఖనిజంతో మూసుకుపోయి, డెంటిన్ గాజులా పచ్చగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు మీద ఏదీ నిలవదు. దాన్నీ కాస్త గరుకు చేయాలి.

రెండో ఊడడానికి కారణం వెతకక్కర్లేదు. బ్లీచింగ్ చేసిన వారంలోనే సిమెంటు పెట్టారు. బ్లీచింగ్ మందులో ఉండే పెరాక్సైడ్ నుంచి వచ్చిన ఆక్సిజన్ కొన్ని రోజులు పంటి లోపలే ఉంటుంది. రెసిన్ గట్టిపడడాన్ని ఆక్సిజన్ అడ్డుకుంటుంది. అందుకే బ్లీచింగ్ తర్వాత కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగి అంటిస్తాం. పెళ్ళి హడావుడిలో ఈ మాట మీరు చెప్పారో లేదో, డాక్టర్ అడిగారో లేదో. రెండు పనులూ రెండు చోట్ల చేయించుకుని ఉంటే ఎవరికీ తెలిసే వీలే లేదు. లవంగ నూనెది కూడా ఇదే దారి. జివ్వుమన్నప్పుడల్లా దూదితో లవంగ నూనె అద్దుకునే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది కదా, అందులోని యూజెనాల్ కూడా రెసిన్‌ని సరిగా గట్టిపడనివ్వదు. రాసుకుంటూ ఉంటే అదీ చెప్పండి.

మూడోదాని గురించి రాస్తుంటే బాధగా ఉంది, ఎందుకంటే ఇది ఎక్కువగా జరుగుతుంది, ఆపడం కూడా మా చేతుల్లోనే ఉంది. రక్తం కారుతున్న చిగురు పక్కన దూది ఒత్తి సిమెంటు పెట్టారు. ఆమ్లం పెట్టి సిద్ధం చేసిన పంటి మీద ఉమ్ము గానీ రక్తం గానీ ఒక్క క్షణం పాకితే చాలు, మాంసకృత్తుల పల్చటి పొర పరుచుకుంటుంది. దూదితో తుడిస్తే పోదది. కడిగి మళ్ళీ ఆమ్లం పెట్టాలి. అసలు ఆ రోజు పెట్టకుండా ఉండాల్సింది. చిగురు వాచి రక్తం వస్తోందంటే గార ఉండి ఉంటుంది. ముందు పళ్ళు శుభ్రం చేసి, రెండు వారాలు మెత్తటి బ్రష్‌తో తోమించి, చిగురు గులాబి రంగుకి వచ్చాక పిలవాలి. ఆ రోజు కూడా చిగురు అంచులో సన్నటి దారం దూర్చి కాస్త కిందికి నొక్కి, వీలైతే పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టి పని చేయాలి. ఆ షీటు 1864 నుంచీ ఉన్నదే, కొత్త విద్యేమీ కాదు. కట్టడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. బయట పదిమంది కూర్చుని ఉన్న క్లినిక్‌లో ఆ ఐదారు నిమిషాలే ముందు ఎగిరిపోతాయి. దీన్ని మోసం అనను. కానీ తప్పే.

ఇప్పుడు ఏ మందు అన్న ప్రశ్నకి వద్దాం. జపాన్ మందు అన్నది ఊరికే చెప్పిన మాట కాదు. 1980ల మొదట్లో అక్కడి కురారే కంపెనీ ఎండీపీ అనే పదార్థం తయారుచేసింది. అది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా ముడి వేసుకుంటుంది. ఇవాళ చాలా కంపెనీల బాండింగ్ మందుల్లో, అంటే సిమెంటుని పంటికి అంటించడానికి ముందుగా పూసే మందుల్లో, అది ఉంది, జపాన్ సీసాయే కొనక్కర్లేదు. మంచి మందే. అయినా మీ పంటికి నేనైతే ముందు గ్లాస్ అయనోమర్ అనే సిమెంటునే ఆలోచిస్తాను, ముఖ్యంగా రెసిన్ కలిపిన రకాన్ని.

దీన్ని లండన్‌లో ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో ఆలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ తయారుచేసి 1970ల మొదట్లో ప్రకటించారు. ఫ్లోరైడ్ ఉన్న గాజు పొడి, పాలీయాక్రిలిక్ ఆమ్లం కలిపిన ముద్ద ఇది. ఆ ఆమ్లం చేతులు చాచి పంటిలోని కాల్షియాన్ని నేరుగా పట్టుకుంటుంది. బాండింగ్ మందు విడిగా పూయక్కర్లేదు. కాస్త తడిని కూడా రెసిన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ప్రయోగశాలలో లాగి కొలిస్తే గ్లాస్ అయనోమర్ పట్టు 3 నుంచి 7 మెగాపాస్కల్ దగ్గరే ఉంటుంది, అంటే చదరపు మిల్లీమీటరుకి మూడు వందల నుంచి ఏడు వందల గ్రాముల బరువు మోసేంత. ఆమ్లం పెట్టిన ఎనామెల్ మీద రెసిన్‌ది 20 మెగాపాస్కల్, రెండు కిలోల పైమాట. కానీ చిగురు దగ్గరి గుంటల్లో ఏళ్ళ తరబడి ఎక్కువగా నిలిచింది మాత్రం గ్లాస్ అయనోమరే అని రోగుల మీద చేసిన పరిశీలనల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. ఎందుకంటే లైటు పెట్టగానే కాంపొజిట్, అంటే రెసిన్‌తో చేసిన తెల్ల సిమెంటు, రెండు మూడు శాతం ముడుచుకుంటుంది, అప్పుడే అంటిన అంచుని తానే వెనక్కి లాగుతుంది. గ్లాస్ అయనోమర్ నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆ లాగుడు తక్కువ. పైగా కొలతలో అది తెగిపోయేది చాలాసార్లు తన ఒంట్లోనే. పంటిని పట్టుకున్న పొర పంటి మీదే మిగులుతుంది. అందుకే కాగితం మీది అంకె చూసి మందుని ఎంచుకోకండి.

దానికీ ఒక షరతు ఉంది. నేను చెన్నైలో చదువుకునే రోజుల్లో, మే నెల మధ్యాహ్నం, పొడీ ద్రవమూ కలిపి కాగితం మీద ముద్ద చేశాను. పేషెంటు నోరు కడుక్కుని వచ్చేలోపు అర నిమిషం ఆలస్యమైంది. ముద్ద తీసి పెట్టబోతుంటే మా మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "చూడు, మెరుపు పోయింది." నిజమే, అంతకుముందు తడి నేరేడుపండులా మెరుస్తున్న ముద్ద మీద పిండి చల్లినట్టు మసక కమ్మింది. పంటిని పట్టుకోవాల్సిన చేతులన్నీ అప్పటికే గాజు పొడిని పట్టేసుకున్నాయి, ఇక పంటికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆ ముద్ద గుంటలో చక్కగా కూర్చుంటుంది, గట్టిపడుతుంది, బయటికి నిక్షేపంలా ఉంటుంది, నెలలోపు ఊడిపోతుంది. ఆవిడ ఆ ముద్ద పారేయించి చల్లటి గాజుపలక తెప్పించారు. వేడికి ఈ సిమెంటు తొందరగా బిగుస్తుంది. చెన్నై ఎండాకాలంలో దొరికే వ్యవధి బెంగళూరు డిసెంబరులో దొరికేదాంట్లో కొంతే. ఇవాళ్టికీ నేను ముద్దలో మెరుపు చూసే పెడతాను.

పెట్టాక కూడా దానికి కొంత కాపలా కావాలి. ఇది గట్టిపడడం కొద్ది నిమిషాల్లో అయిపోయినట్టే కనిపించినా పూర్తి బలం రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. అందుకే పైన వార్నిషో వాసెలినో పూస్తారు. ఆ రోజు ఆ వైపు గట్టివి కొరకకండి. సాంబారు అన్నం తినొచ్చు, జంతికలు వద్దు.

ఇంకొక్క మాట అడగాలి, మీ ఉత్తరంలో లేదు. నిద్రలో పళ్ళు నూరుతారా? పొద్దున లేవగానే దవడలు బరువుగా ఉంటాయా? ఇంట్లో వాళ్ళని అడగండి. నూరేటప్పుడు పన్ను మెడ దగ్గర కాస్త వంగుతుంది, మళ్ళీ నిటారుగా వస్తుంది. మీ సిమెంటు సరిగ్గా ఆ మెడ దగ్గరే ఉంది. అలా రోజూ వంగుతుంటే ఎంత బాగా అంటించినా అంచు లేస్తుంది. నూరే అలవాటు ఉంటే రాత్రి పెట్టుకునే గార్డు చేయించుకోవాలి. అలాగే గట్టి బ్రష్‌తో అడ్డంగా బరబరా తోమితే గుంట పెరుగుతూనే ఉంటుంది.

ఈసారి వెళ్ళినప్పుడు డాక్టర్‌తో తగువు పెట్టుకోనక్కర్లేదు. మీ ఊరి నీళ్ళ సంగతీ, బ్లీచింగ్ సంగతీ, లవంగ నూనె సంగతీ చెప్పండి. ముందు చిగురు బాగుచేసి రెండు వారాల తర్వాత పెట్టమనండి. పన్నుని ఎలా ఆరబెడతారో, ఎనామెల్‌ని గరుకు చేస్తారో లేదో అడగండి, ఏ రకం సిమెంటు పెట్టారో చీటీ మీద రాయించుకోండి. ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్ దగ్గరే పని చేయించుకోండి, మొదటి ఆయనే అయినా సరే. ఖర్చు భారమనిపిస్తే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ క్యూలో నిలబడాలి, కానీ ఒక్కో పంటి మీద ఎక్కువసేపు కూర్చుంటారు, పక్కన చూసేవాళ్ళూ ఉంటారు. మీకు కావాల్సింది ఆ సమయమే.

ఆ కవరు పారేయకండి. ముక్క లోపలి వైపు వెలుతురులో చూడమనండి. గాజులా నున్నగా ఉంటే అది పంటిని ఎప్పుడూ పట్టుకోలేదని తెలుస్తుంది. గరుకుగా ఉండి, కొంత సిమెంటు గుంటలోనే మిగిలి ఉంటే పట్టు బాగానే ఉంది, సిమెంటే మధ్యలో తెగిందని అనుకోవచ్చు, అప్పుడు నిద్రలో పళ్ళు నూరడం గురించి ఎక్కువ ఆలోచించాలి. ఏది కనిపించిందో నాకు రాయండి.